ఆయన బయోడేటాలో నా పనులు

బయోడేటాలో పేరు, చదువు, పుట్టిన తేదీ రాయడానికి ఎంతోసేపు పట్టదు. ఎక్కడెక్కడ పనిచేశామో కూడా సర్టిఫికెట్లు ముందేసుకుంటే అయిపోతుంది. 'స్కిల్స్' అనే చోటికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోతుంది. ఇన్నాళ్ళూ ఏం చేశావు అని కాదు, నీకేం వచ్చు అని అడిగే చోటు అది. పోయిన ఏడాది ఎండాకాలంలో మా ఆయన కోసం ఆ భాగం నేను రాశాను, ఒక ప్రాజెక్ట్ మేనేజర్ ఉద్యోగానికి. ఆ అర పేజీ తరవాత మా ఇంట్లో జరిగిందంతా ఇప్పుడు, పాప పడుకున్నాక, కొంచెం కొంచెంగా రాస్తున్నాను. పాప పడుకుంటే నాకు నిద్ర రాదు. దాని ఊపిరి వింటూ కూర్చోవాలి. ఊరికే కూర్చునే బదులు రాయడం నయం.

మేమిద్దరం ఒకే కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్ళం. ద్వీపాలకి ఉత్తరాన మాయాబందర్ వైపు స్కూలు గదులు, క్వార్టర్లు కట్టే చిన్న కాంట్రాక్టరు. మా ఆయన పాలిటెక్నిక్ చదివాడు, కాగితం మీద సైట్ ఇంజనీరు. నేను పోర్ట్ బ్లెయిర్ కాలేజీలో బీకాం. కాగితం మీద ఆఫీస్ అసిస్టెంట్. ఆఫీసంటే పోర్ట్ బ్లెయిర్‌లోనే, ఆస్టినాబాద్‌లో కాంట్రాక్టరు గారి మేడ కింద ఉన్న ఒక గది, ఒక టేబుల్ ఫ్యాను, ఒక కంప్యూటరు.

ఆ కంప్యూటరు కాంట్రాక్టరు గారికి రాదు. అందుకని మొదట ఉత్తరాలు టైపు చేసేదాన్ని. తరవాత బిల్లులు. తరవాత మద్రాసు నుంచి సిమెంటు ఏ ఓడలో వేయించాలో, ఇనుము ఎన్ని లారీల్లో పంపాలో, ఆ లారీలు అడవి గేటు దగ్గర పోలీసు కాపలాతో గుంపుగా వదిలే ఏ కాన్వాయ్ అందుకోవాలో, వానలు పడేలోపు ఏ స్లాబు పూర్తవ్వాలో, అన్నీ నా చేతికే వచ్చాయి. ఎవరైనా ఏదైనా అడిగితే కాంట్రాక్టరు గారు "ఉసే పూఛో", ఆమెనే అడుగు అని నా వైపు చూపించేవారు. హోదా మాత్రం మార్చలేదు. హోదా మారిస్తే జీతం మార్చాలి కదా.

మా ఆయన పని వేరు. ఆయన మాట మీద కూలీల ముఠాలు కదులుతాయి. శ్రీకాకుళం నుంచి వచ్చిన మేస్త్రులు, రాంచీ కూలీలు, బెంగాలీ తాపీవాళ్ళు, ఎవరితో వాళ్ళ భాషలో మాట్లాడతాడు. వాళ్ళ పాకల్లో కూర్చుని వాళ్ళ కంచంలో తింటాడు. సోమవారం రండి అంటే ఇంకొకళ్ళ దగ్గర పని వదిలేసి అయినా సోమవారం వచ్చేవాళ్ళు. నేను ఫోన్ చేసి "ఇప్పుడు పిలువు" అనేదాన్ని, ఆయన పిలిచేవాడు. అలా సాగిపోయింది.

కాంట్రాక్టరు గారికి పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. కొడుకులకి ఈ పని ఇష్టం లేదు, లారీలు అమ్మేశారు. ఆయన సంతకం చేయగలిగిన రోజుల్లోనే మా ఇద్దరికీ అనుభవం సర్టిఫికెట్లు ఇప్పించారు. నాకిచ్చిన దాంట్లో 'ఆఫీస్ అసిస్టెంట్, పని తీరు బాగుంది' అని ఉంది. అప్పటికి పాపకి ఏడాది నిండలేదు. మొదటి వానల్లోనే ఆయాసం పట్టుకుంది. ఛాతీ లోపలికి పోయేది. పక్కటెముకలు కనిపించేవి. మా ఇద్దరికీ ఒకేసారి ఉద్యోగాలు పోయి, ఇంట్లో నెబ్యులైజరు గుర్రుమంటూ ఉండేది. ఆ రోజుల్లో నేను తిన్నది నాకు గుర్తు లేదు.

అప్పుడు వాట్సాప్ గ్రూపులో ఆ ప్రకటన వచ్చింది. మెయిన్‌ల్యాండ్ కంపెనీ ఒకటి మాయాబందర్‌లో హాస్టల్ కడుతోందట. ప్రాజెక్ట్ మేనేజరు కావాలి. సైట్‌లోనే ఉండాలి. ద్వీపాల్లో పనిచేసిన అనుభవం తప్పనిసరి.

నేను మొదట మొదలుపెట్టింది నా బయోడేటాయే. స్కిల్స్ అనే చోట చకచకా టైపు చేశాను. వానాకాలాన్ని లెక్కలోకి తీసుకుని పని ప్రణాళిక వేయడం. ఓడల మీద వచ్చే సామగ్రి సేకరణ. ప్రభుత్వ ఇంజనీర్లతో వ్యవహారం. ఆలస్యాన్ని ముందే ఊహించి ప్రత్యామ్నాయం ఉంచుకోవడం. రాస్తుంటే ఆశ్చర్యంగా ఉండేది, ఇన్ని చేశానా అని.

మా అత్త పక్కన కూర్చుని పాప ఛాతీకి నూనె రాస్తోంది. "ఎవుళికే అది?" అంది.

"నాకే అత్తా. మాయాబందర్‌లో ఉద్యోగం."

"పాలు తాగే పిల్లనొగ్గీసి ఎల్లిపోతావేటి?" అంది. "నాను సూత్తాను, సూడనని కాదు. ఆయాసం వొచ్చినప్పుడు ఆ మిసను ఎట్టడం నాకు రాదు. ఆసుపత్రిలో ఆ డాక్టరమ్మతో హిందీ నాను మాటాడలేను. సెప్పీసినాను, తరవాత నన్ననొద్దు."

ఆమె అన్నది నిజమే. పాపని తీసుకెళ్దామంటే అక్కడ ఉండేది రేకుల క్యాంపు. పిల్లల డాక్టరు పోర్ట్ బ్లెయిర్‌లో. మధ్యలో పగలంతా బస్సు, ఆ కాన్వాయ్ గేట్లు. ఆయాసం గేటు తెరిచేదాకా ఆగదు.

ఇద్దరం దరఖాస్తు పెట్టుకుందాం, ఎవరికొస్తే వాళ్ళకి అనుకోవడానికీ లేదు. ఈ ఊళ్ళో కాంట్రాక్టు పనుల బయోడేటాలన్నీ ఆ నలుగురైదుగురి బల్లల మీదే తిరుగుతాయి. ఒకే ఇంటి నుంచి వెళ్ళిన రెండు కాగితాల మీద అవే పనులుంటే ఇద్దరిలో ఒకళ్ళు దొంగ అనుకుంటారు. ఆ పనులు ఎవరో ఒకళ్ళవే కావాలి.

మర్నాడు మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టాను.

"నీకేం వచ్చో చెప్పు."

"పని వచ్చు."

"ఏ పని?"

"అరే, సైట్ పని. నీకు తెలీదా?"

"నాకు తెలుసు. వాళ్ళకి తెలియాలి."

వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టాడు. "లెవెల్ తీయడం. రాడ్ కట్టించడం. షట్టరింగ్ చూడ్డం. లేబర్‌తో మాట్లాడ్డం. బస్, అంతే."

అవి టైపు చేశాను. చూస్తే సూపర్‌వైజరు బయోడేటాలా ఉంది. నా ఫైలు తెరిచి, నా స్కిల్స్ మొత్తం కట్ చేసి ఆయన ఫైల్లో పేస్ట్ చేశాను. ఇంకా నిండుగా ఉండాలని నెట్‌లో ఉన్న నమూనాలు చూసి కొన్ని వాక్యాలు కలిపాను. అన్ని నమూనాల్లోనూ కార్మికుల గురించి ఒక వాక్యం ఉంది, నేనూ రాశాను: 'పని తేదీకి ముందే కార్మికులను సైట్‌లో సిద్ధంగా ఉంచగలరు.' ఆయన చెప్పిన 'లేబర్‌తో మాట్లాడ్డం' అన్నింటికంటే కింద, 'టీమ్ మేనేజ్‌మెంట్' అని రెండు మాటల్లో పడింది.

ఆయన నెమ్మదిగా చదివాడు. "ఇవి నువ్వు చేసినవి కదా."

"మనం చేసినవి."

"నేనెప్పుడు చేశాను? ఓడ వచ్చిందని నాకు ఫోన్ చేసేదానివి నువ్వు."

"నేర్పిస్తాను. ఎలాగూ రోజూ ఫోన్‌లో ఉంటాను."

"కల్ ఏమైనా తేడా వస్తే?"

"పాపకి మందులు ఎలా కొంటాం? అది చెప్పు ముందు," అన్నాను. గట్టిగానే అన్నాను.

మా అత్తకి చదివి వినిపించాను. విని, కొడుకు మొహం చూసి, "మా ఓడు ఇన్ని పన్లు సేసీవోడేటి? గ్యాసు అయిపోతే బుక్ సెయ్యడం రాదు," అంది. ఆయన నవ్వాడు. ఆ నవ్వుతోనే నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, తనే పంపించేశాడు.

నా ఫైల్లో స్కిల్స్ కింద మిగిలింది టైపింగ్, టాలీ, మూడు భాషలు. తెలుగు చదవడం, రాయడం మా అమ్మ నేర్పింది. టీచరుగా ఇక్కడికి వచ్చిన మనిషి, ఇంట్లో కూడా బలపం వదిలేది కాదు. దాన్ని ఎక్కడ ఉపయోగించాలో నాకిప్పటికీ తెలీదు. ఇలా రాసుకోవడానికి తప్ప.

ఇంటర్వ్యూ ఇక్కడే, గోల్ ఘర్‌లో ఒక షాపు మీది గదిలో జరిగింది. నేను కూరలు తరుగుతూ, పాపని ఎత్తుకుని తిరుగుతూ ఆయన చేత చెప్పించిందే ఆయన అక్కడ చెప్పాడు. "వాన ఎప్పుడు మొదలవుతుందో అక్కణ్ణించి వెనక్కి లెక్కపెడతాను సర్" అన్నాడట. వాళ్ళకి ఆ మాట నచ్చింది. ఉద్యోగం ఇచ్చారు, ముందు ప్రొబేషన్ మీద.

ఆయన వెళ్ళాక సాయంత్రాలు నా పని మొదలయ్యేది. క్యాంపులో సిగ్నల్ లేదు, జెట్టీ దాకా నడిచొచ్చి ఫోన్ చేసేవాడు. పాపని చంకనేసుకుని, భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని నేను చెప్పేదాన్ని. ముందు ఏది తెప్పించాలి, ఎవరికి మెయిలు పెట్టాలి, కొలతల పుస్తకంలో ఏం రాయించాలి. మర్నాడు ఆయన అదే సైట్‌లో చెప్పేవాడు. మొదటి నెల అంతా బాగానే ఉంది. మా అత్త వీధిలో అందరికీ "మా ఓడు మేనేజరు" అని చెప్పుకుంది.

ఇక్కడ పని తెలిసినవాళ్ళు ఎవరూ ఓడ తేదీ చూసి ముఠాని పిలవరు. ఓడ తేదీ కాగితం మీద ఉంటుంది. సముద్రం ఆ కాగితం చదవదు. ఓడ వచ్చి బయట లంగరేసిందని హార్బర్‌లో ఎవరో కళ్ళతో చూసి చెప్పాక, అప్పుడు పిలుస్తారు. ముందే పిలిస్తే సామాను లేక జనం ఖాళీగా కూర్చుంటారు, కూర్చున్న జనం చెదిరిపోతారు. నేను ఎప్పుడూ అలాగే చేశాను. కాని ఎందుకు ఆ రోజే పిలవమంటున్నానో మా ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. ద్వీపంలో పుట్టిన మనిషి, తెలియకుండా ఉంటుందా అనుకున్నాను. నేను ఫోన్ చేస్తే పిలవడమే ఆయనకి తెలుసు.

ఆ వారం పాపకి బాగా ఎక్కువై ఆస్పత్రిలో చేర్చాం. ఆయనకి కంపెనీ నుంచి మెయిలు వచ్చింది. వాళ్ళ చార్టులో సిమెంటు దిగే రోజూ, ముఠా వచ్చే రోజూ ఒకటే. ఈయన కొంచెం తటపటాయిస్తే గోల్ ఘర్ ఆఫీసులో ఉన్న పెద్దాయన ఫోన్‌లో, "పని తేదీకి ముందే మనుషుల్ని ఉంచగలనని నీ బయోడేటాలోనే రాశావు కదయ్యా" అన్నాడట. ఆయన ముఠాని పిలిచేశాడు. నన్ను అడగలేదు. పాప ఆక్సిజన్ మీద ఉంటే ఫోన్ చేసి సిమెంటు గురించి ఎలా అడగను అన్నాడు తరవాత. నేనైనా అలాగే అనుకునేదాన్నేమో.

ఆయన మాట మీద అందరూ వచ్చారు. రంగత్ దగ్గర దొరికిన పని వదిలేసి, పెళ్ళాం పిల్లలతో వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఓడ రాలేదు. మద్రాసులో వాతావరణం బాగోలేదని ఆపేశారు. తరవాత వచ్చింది గాని జెట్టీలో చోటు లేక బయట నిలబడింది. పని చేయనిదే కూలి ఏమిటని కంపెనీ ఒక్క పైసా ఇవ్వనంది. మా ఆయన తన జీతం పెట్టి బియ్యం కొన్నాడు. అది ఎంతమందికి, ఎన్నాళ్ళు వస్తుంది?

పాతకాలం నుంచీ ఆయన్ని 'బాబూ' అని పిలిచే శ్రీకాకుళం మేస్త్రి పాక ముందు అందరూ వింటుండగా అడిగాడట. "నీ మాట మీద వొచ్చినాం బాబూ. ఇప్పుడు నీ మాటే ఒండుకు తినాలేటి?" రాంచీ కుర్రాళ్ళు ఇంకా మర్యాదగా అన్నారు. "ఆప్ తో సాహబ్ బన్ గయే, భయ్యా." నువ్వు దొరవైపోయావు అని. ఆ మాట ఆయన నాకు ఫోన్‌లో చాలాసార్లు చెప్పాడు. కొట్టినా ఇంత ఉండదు అన్నాడు.

ఒక్కొక్క కుటుంబమే వెళ్ళిపోయింది. సిమెంటు దిగే రోజుకి పునాది గోతుల దగ్గర నలుగురు మిగిలారు. అప్పటికి వానలు మొదలయ్యాయి. గోతులు నిండి, తీసిన మట్టి మళ్ళీ లోపలికే జారిపోయింది.

కంపెనీ ఆయన్ని తీసేయలేదు. మెయిన్‌ల్యాండ్ నుంచి ఇంకో మేనేజర్ని పంపారు. ఈయన్ని సైట్ సూపర్‌వైజరుగా కిందికి దించారు. రెండు రోజులు సెలవు మీద ఇంటికి వచ్చాడు. గడ్డం పెరిగిపోయింది. పాపని ఎత్తుకోవడానికి కూడా ముందు చేతులు చూసుకున్నాడు.

"గోల్ ఘర్ ఆఫీసులో ప్లానింగ్‌కి మనిషి కావాలంటున్నారు," అన్నాడు అన్నం ముందు కూర్చుని. "ఇక్కడే ఉండి చేసే పని. అది నీ పని. నేను వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేస్తాను."

"వద్దు."

"ఎందుకొద్దు? కాగితం మీద ఉన్నదంతా నీదే. నా దగ్గర ఎందుకుండాలి అది? నాకేం పనికొచ్చింది?"

"చెప్తే నిన్ను ఉంచుతారా?"

"నిజం చెప్తే ఏం చేస్తారు? ఠీక్ హై అంటారు."

మా అత్త గిన్నె తోముతూ, "నిజిం సెప్పడానికి ఒకుళ్ళు, ఆపడానికి ఒకుళ్ళు. ఇద్దరూ ఎల్లండి. పిల్లకి కూడా గాలి మారతాది," అంది.

పాపతో కలిపి ముగ్గురం వెళ్ళాం. ఆ పెద్దాయన విశాఖ వైపు మనిషి, నెమ్మదస్తుడు. కుర్చీ చూపించాడు. పాపకి బిస్కెట్టు ఇచ్చాడు. మా ఆయన నిలబడే చెప్పాడు. పాత కాంట్రాక్టరు దగ్గర లెక్కలన్నీ, ప్లానంతా నేనే చూశానని, బయోడేటాలో ఉన్నవి నా పనులని, ముఠాని పిలవడం ఒక్కటే తను నన్ను అడక్కుండా చేశానని.

పెద్దాయన అంతా విన్నాడు. విని నవ్వాడు, ఎగతాళిగా కాదు. "అమ్మా, నువ్వు టైపు చేశావంటే నమ్ముతాను. నా మెయిల్స్ కూడా మా అమ్మాయే చేసి పెడుతుంది." తరవాత మా ఆయన వైపు తిరిగాడు. "తప్పు జరిగినప్పుడు మనం మోయాలయ్యా. ఇంట్లో ఆడవాళ్ళ మీద పెట్టకూడదు."

"మీద పెట్టడం కాదు సర్..."

"సర్, ఓడ లంగరేసే దాకా ముఠాని పిలవకూడదు. నేనెప్పుడూ అలాగే..." అని నేను మొదలుపెట్టాను. పాప నా పమిట నోట్లో పెట్టుకుంది.

పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. ఫైల్లోంచి రెండు కాగితాలు తీశాడు, మా ఇద్దరి అనుభవం సర్టిఫికెట్లు. నాది మా ఆయనే పట్టుకొచ్చి ఇచ్చాడు ఆ రోజు. "ఇందులో ఆఫీస్ అసిస్టెంట్ అని ఉందమ్మా. ఇచ్చినాయన్ని అడుగుదామంటే మాట లేదంటున్నారు. సరే, నీ మాటే నిజమనుకుందాం. అప్పుడు మీ ఆయన ఇచ్చిన బయోడేటా అబద్ధం అవుతుంది. అబద్ధం కాగితం ఇచ్చినవాణ్ణి సూపర్‌వైజరుగా కూడా నేను ఉంచలేను. హెడ్డాఫీసుకి రాయాల్సి వస్తుంది. నాకైతే అలా రాయాలని లేదు. ఏది నిజమో మీరిద్దరూ ఆలోచించుకుని చెప్పండి."

బెదిరించినట్టు అనలేదు. దారి చూపిస్తున్నట్టే అన్నాడు. మా ఆయన నోరు తెరిచాడు. ఆయన ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు, అందుకే నేనే ముందు అన్నాను.

"నేను టైపు చేశానంతే సర్."

మా ఆయన నా వైపు చూడలేదు. పెద్దాయన కాగితాలు సర్దుకుని, పాప బుగ్గ తట్టి, "వానలో తడవకుండా వెళ్ళండి," అన్నాడు.

స్కూటర్ మీద ఇంటికొచ్చాం. ఆ మర్నాడు ఆయన మాయాబందర్ వెళ్ళిపోయాడు. ప్లానింగ్ ఉద్యోగానికి ఎవరో అబ్బాయి వచ్చాడని తరవాత తెలిసింది.

ఇప్పుడు కొత్త మేనేజరు కింద పని సాగుతోంది. మా ఆయన జెట్టీ దాకా రావడం తగ్గించాడు. వచ్చినా పాప గురించి అడిగి పెట్టేస్తాడు. నిన్న మాత్రం కొంచెంసేపు ఉన్నాడు. వెనకాల అలల చప్పుడు వినిపిస్తోంది.

"రెండో విడత సిమెంటుకి ఓడ తేదీ వచ్చింది," అన్నాడు. "కొత్తాయన ముఠాని ఆ రోజుకే రప్పించమన్నాడు."

"నువ్వేమన్నావు?"

"లంగరేశాక పిలుద్దామన్నాను. 'నీ సలహా అడగలేదు, ఫోన్లు చెయ్యి' అన్నాడు."

"చేశావా?"

"పొద్దున్నుంచీ చేస్తున్నాను. మేస్త్రి ఎత్తలేదు. రాంచీవాళ్ళూ ఎత్తలేదు. రింగవుతోంది, ఎవరూ ఎత్తట్లేదు."